హెపటైటిస్ బి, సి: ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ తేడా ఎక్కడ మొదలవుతుంది? చెన్నైలో ఉన్న మనవాళ్లు చెప్పండి

ల్యాబ్ అక్క (వ్యాసర్‌పాడి)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట. పెళ్లయ్యాక చెన్నై వచ్చి, పదకొండేళ్లుగా ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తున్నాను. శుక్రవారం జరిగిన సంగతి ఒకటి మనసులోంచి పోవడం లేదు. ఇంట్లో చెప్పుకుంటే "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ రోజు హెచ్‌బీఎస్‌ఏజీ (కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష) కార్డు మీద రెండో గీత, అంటే పాజిటివ్, రెండుసార్లు పడింది. పొద్దున ఒకాయనకి, మధ్యాహ్నం ఒక అబ్బాయికి. పొద్దున వచ్చినాయన కంపెనీ చెకప్ కోసం సొంత కారులో వచ్చారు. ఒంట్లో ఏ బాధా లేదు. కాగితం చేతిలో పడగానే ఫొటో తీసి తెలిసిన డాక్టరుకి పంపారు. సాయంత్రానికల్లా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష)కి రక్తం ఇచ్చేశారు, స్కానింగ్‌కి టైం తీసుకున్నారు, మర్నాడు భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చి పరీక్ష చేయించారు.

మధ్యాహ్నం వచ్చినది సెంట్రింగ్ పని చేసే అబ్బాయి. శ్రీకాకుళం యాస. నెల రోజులుగా అన్నం సహించడం లేదట, కళ్లు పసుపు రాసినట్టున్నాయి. గోళ్ల సందుల్లో సిమెంటు అలాగే ఉంది. రిపోర్టు ఇచ్చి, పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒకే ఒక్క మాట అడిగాడు: "ఇది మేస్త్రికి చెప్పాలా అక్కా?"

జబ్బేమిటని గానీ, తగ్గుతుందా అని గానీ అడగలేదు.

అసలు ఈ జబ్బు పేదవాళ్లకే ఎక్కువ వస్తుందా? లేక అందరికీ వచ్చి పేదవాళ్ల దగ్గరే ముదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూటిమాట (అంబత్తూరు)
ఆదివారం, రాత్రి 10:05

అక్కా, చెప్పాల్సింది చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. చేతులు కడుక్కోవడం, కాచిన నీళ్లు తాగడం, తాగుడు మానడం, ఈ మూడూ ఉంటే కామెర్లు రావు. మా ఫ్యాక్టరీలో చూస్తుంటా కదా. కాంట్రాక్టు కుర్రాళ్లు సాయంత్రం అయితే వైన్ షాపు, రాత్రి రోడ్డు పక్క తిండి. ప్రభుత్వం ఎన్ని చేసినా మనిషిలో శుభ్రత లేకపోతే ఏం లాభం? డబ్బుకీ దీనికీ ముడిపెట్టకూడదని నా అభిప్రాయం.

ఓఎంఆర్ కోడర్
ఆదివారం, రాత్రి 10:31

సూటిమాట గారూ, మీరు చెప్పిన మూడూ పాటించే నాకే వచ్చింది. పుట్టింది విజయవాడ, చిన్నప్పటి నుంచి ఫిల్టర్ నీళ్లే. తాగుడు లేదు. 29 ఏళ్లప్పుడు షోలింగనల్లూరులో హెపటైటిస్ ఎ వచ్చి ఐదు వారాలు మంచం దిగలేదు. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ వేలల్లోకి వెళ్లింది. ఎక్కడి నీళ్లు తాగానో, ఏ పెళ్లిలో చల్లని రసం తాగానో ఇప్పటికీ తెలియదు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాత నన్ను చూసి, "ఇది మాకు చిన్నప్పుడే వచ్చి పోయుంటది బాబూ, ఈ వయసులో నీకు రావడమే కష్టం" అన్నాడు. మాట వరసకి అన్నాడనుకున్నా. నిజమేనా?

నాకు మాత్రం ఐదు వారాలూ జీతం పడింది. అదొక్కటి చెప్పాలి.

కాలేయం డాక్టర్
ఆదివారం, రాత్రి 11:20

డ్యూటీ అయిపోయింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. నేను చెన్నైలోనే కాలేయ విభాగంలో పని చేస్తున్నాను. సొంతూరు తెనాలి.

కోడర్ గారూ, ఆ తాత చెప్పింది అక్షరాలా నిజం. హెపటైటిస్ ఎ ఆరేళ్ల లోపు పిల్లలకి సోకితే చాలామందిలో పైకి ఏమీ కనబడదు. రెండు రోజులు జ్వరం, నాలుగు విరేచనాలు, అంతే. జన్మంతా రక్షణ ఉండిపోతుంది. పెద్దవాళ్లకి సోకితే పదిమందిలో ఏడుగురికి పైగా కామెర్లు పడుకోబెడతాయి. ఒకప్పుడు మన దేశంలో దాదాపు అందరికీ పసితనంలోనే వచ్చి పోయేది. ఇప్పుడు మంచి నీళ్లు, మంచి మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో పిల్లలు ఆ వైరస్ ఎరగకుండా పెరిగి, పాతికేళ్లకి హాస్టల్లోనో క్యాంటీన్‌లోనో మొదటిసారి తగులుకుంటున్నారు. దీనికి టీకా ఉంది కానీ ప్రభుత్వం ఇచ్చే టీకాల పట్టికలో లేదు, కొనుక్కోవాలి. కాబట్టి 'ఎ' విషయంలో పేదవాళ్లే ఎక్కువ బాధపడతారనే లెక్క తలకిందులవుతోంది.

'ఇ' కూడా నీళ్లలోంచే వస్తుంది. 1955 చివర్లో ఢిల్లీలో యమున నీళ్లలో మురుగు కలిసి, రెండు నెలల్లో 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. ఆ కొళాయి నీళ్లు తాగినవాళ్లకి వచ్చాయి, వీధి చూసి రాలేదు. అది హెపటైటిస్ 'ఇ' అని దాచిన రక్తం నమూనాల వల్ల చాలా ఏళ్ల తర్వాత తేలింది. ఈ 'ఇ' గర్భిణులకి యముడు. చివరి నెలల్లో సోకితే నూటికి ఇరవై మంది దాకా పోతారు.

అక్క అడిగిన బి, సి కథ వేరు. అవి రక్తంతో, కాన్పుతో, సూదితో, దాంపత్యంతో వస్తాయి. తిండితో, నీళ్లతో రావు. సూటిమాట గారు చెప్పిన చేతులు కడుక్కోవడం అక్కడ ఆదుకోదు. 'డి' అనేది 'బి' ఉన్నవాళ్లకి మాత్రమే సోకే తోకవైరస్. మిగతాది రేపు రాస్తాను.

పులియంతోప్పు బిడ్డ
సోమవారం, ఉదయం 6:50

శుభ్రత మాట వచ్చింది కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది పులియంతోప్పు. మా ముత్తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వీధులు ఊడ్చడానికి తెచ్చారు. నాలుగు తరాలు అయింది, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాం. మా అమ్మ కార్పొరేషన్ చెత్త బండి మీద కాంట్రాక్టు పని చేస్తుంది. మా నాన్న మురుగు కాలువల్లో దిగేవాడు. 2013లో ఆ పని చేయించకూడదని కొత్త చట్టం వచ్చింది. అప్పటికే నాన్న ఒంట్లో బాగోక మానేశాడు.

ఈ ఊరి శుభ్రత మా వాళ్ల చేతుల మీదే నడుస్తోంది సార్. మా ఇంటి శుభ్రత చెప్పమంటారా? మా వీధిలో చేతిపంపు మురుగు కాలువకి జానెడు దూరంలో ఉంటుంది. నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. నీళ్లు రాని పూట గొట్టం ఖాళీగా ఉంటుంది కదా, చిల్లు ఉన్నచోట పక్కనున్న మురుగుని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మొదటి రెండు బిందెలు పారబోసి మూడో బిందె పట్టుకుంటాం. ఇది మాకు డాక్టర్లు చెప్పలేదు, మా నాయనమ్మ నేర్పింది. కాచి తాగమంటారు. ఐదుగురికి తాగే నీళ్లు రోజూ కాస్తే సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందో ఎవరైనా లెక్క కట్టారా?

ఇంకొక్క మాట. మా అమ్మ కుడి బొటనవేలి కింద చిన్న మచ్చ ఉంది. నాలుగేళ్ల క్రితం ఒక పెద్ద అపార్ట్‌మెంట్ చెత్త సంచి ఎత్తుతుంటే ఇన్సులిన్ సూది దిగింది. రబ్బరు గ్లోవ్ ఉంది, దాన్నీ చీల్చుకుని దిగింది. అమ్మ చీరకొంగుతో తుడుచుకుని పని పూర్తి చేసుకొని వచ్చింది. మాకు చెప్పింది ఆరు రోజుల తర్వాత. ఇన్నేళ్లలో పరీక్ష చేయించలేదు. రోజు కూలి పోతుందంటుంది. నిజానికి భయం. ఏదైనా బయటపడితే పని తీసేస్తారేమోనని.

సూటిమాట (అంబత్తూరు)
సోమవారం, ఉదయం 8:15

అమ్మా, నేను తొందరపడి అన్నాను. నీళ్ల గొట్టం సంగతి నాకు తెలియదు. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఓఎంఆర్ కోడర్
సోమవారం, ఉదయం 9:02

ఇది చదివి లేచి వెళ్లి వంటింట్లో చెత్తబుట్ట చూశాను. మా నాన్నగారికి షుగర్. రోజుకి రెండు సూదులు. మూత పెట్టినవి కొన్ని, పెట్టనివి కొన్ని, కూరగాయల తొక్కల మధ్య. మూడేళ్లుగా ఇలాగే పారేస్తున్నాం. చెత్త ఎవరు ఎత్తుతారు, ఎలా ఎత్తుతారు అని ఒక్కరోజు అనుకోలేదు. ఎలా పారేయాలో ఎవరైనా చెప్పండి.

పులియంతోప్పు బిడ్డ
సోమవారం, ఉదయం 9:20

మందమైన ప్లాస్టిక్ డబ్బా పెట్టుకోండి అన్నా. ఫినాయిల్ డబ్బా, బట్టల సబ్బునీళ్ల డబ్బా లాంటివి. మంచినీళ్ల సీసా వద్దు, పలచన, గుచ్చుకుపోతుంది. నిండాక మూత బిగించి, టేపు చుట్టి, పైన 'సూదులు' అని పెద్దగా తమిళంలో రాసి, తడి చెత్తలో కలపకుండా విడిగా చేతికివ్వండి. వాడిన సూదులు విడిగా ఇవ్వాలని 2016 చెత్త నిబంధనల్లోనే చెప్పారు. మా అమ్మకి చదువు రాదు, కానీ విడిగా ఇస్తే జాగ్రత్తగా పట్టుకుంటుంది.

కాలేయం డాక్టర్
సోమవారం, మధ్యాహ్నం 2:10

అమ్మాయీ, ముందు మీ అమ్మగారి సంగతి. సూది గుచ్చుకున్నప్పుడు, ఆ సూది హెపటైటిస్ బి ఉన్నవాళ్లదైతే, టీకా లేనివాళ్లకి సోకే అవకాశం నూటికి 6 నుంచి 30 దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి ఇది నూటికి అర కూడా లేదు. ఈ వైరస్ శరీరం బయట ఎండిన రక్తంలో కూడా ఏడు రోజులు బతుకుతుంది. అలా గుచ్చుకున్న వెంటనే సబ్బు నీళ్లతో కడుక్కొని, 24 గంటల్లో టీకా, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) తీసుకుంటే చాలా వరకు ఆపవచ్చు. నాలుగేళ్లయింది కాబట్టి ఇప్పుడు చేయాల్సింది మూడు పరీక్షలు: హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్ సి యాంటీబాడీ, హెచ్‌ఐవీ. పెద్దవాళ్లకి 'బి' సోకినా నూటికి తొంభై మందికి పైగా దానంతటదే పోతుంది. కాబట్టి భయపడి ఆగవద్దు. ఏమీ లేదని తేలితే టీకా మూడు మోతాదులు వేయించండి: ఈరోజు ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి.

ఇప్పుడు అక్క ప్రశ్నకి వస్తా. పసిబిడ్డకి తల్లి నుంచి సోకితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ముప్పై, నలభై ఏళ్లు చప్పుడు లేకుండా ఉండి సిర్రోసిస్‌గానో (కాలేయం గట్టిపడి పాడవడం) క్యాన్సర్‌గానో బయటపడుతుంది. అక్క చూసిన ఇద్దరికీ బహుశా పుట్టినప్పుడే వచ్చి ఉండొచ్చు. కారులో వచ్చినాయన తప్పు లేదు, సెంట్రింగ్ అబ్బాయి తప్పు లేదు.

ఆపే మందు ఎప్పటి నుంచో ఉంది. వైరస్‌ని కనిపెట్టిన బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినం. టీకా కూడా 1980లలోనే వచ్చింది, కానీ దిగుమతి సరుకు, మామూలు ఇంటికి అందని ధర. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారు చేశాక ధర దిగింది. అయినా ప్రభుత్వం దేశమంతటా పిల్లలందరికీ ఉచితంగా వేయడం 2011కి గానీ కుదరలేదు. మధ్యలో ఆ పద్నాలుగేళ్లు చూడండి. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లగలిగిన ఇళ్లలో పిల్లలకి టీకా పడింది. వెళ్లలేని ఇళ్లలో పడలేదు. ఇవాళ ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో సైట్ల మీద, గార్మెంట్ కంపెనీల్లో ఉన్నవాళ్లు ఆ పిల్లలే. నా ఓపీలో టీకా కార్డు గురించి అడిగితే చాలామంది అదేమిటన్నట్టు చూస్తారు.

పాత మద్రాసు తాత (టి.నగర్)
సోమవారం, సాయంత్రం 5:30

నాయనలారా, నాకు 78. ఈ ఊళ్లో మన ఇళ్లలో కామెర్లొస్తే మొదటి వైద్యం నేల ఉసిరే. తమిళులు కీళానెల్లి అంటారు. పొద్దున్నే నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేవారు. మా అమ్మ పెరట్లో ఎప్పుడూ ఉంచేది. మా ఇంట్లో ఇద్దరికి తగ్గడం నా కళ్లతో చూశాను. పేదవాడికి పైసా ఖర్చు లేని మందు. మన మద్రాసు విశ్వవిద్యాలయం వారే దాని మీద పరిశోధన చేసి పెద్ద పత్రికలో వేశారని గుర్తు. దాన్నెందుకు వాడరు?

కాలేయం డాక్టర్
సోమవారం, రాత్రి 10:45

తాతగారూ, మీ జ్ఞాపకం సరైనదే. 1988లో త్యాగరాజన్ గారి బృందం లాన్సెట్‌లో ప్రచురించింది, బ్లంబర్గ్ కూడా అందులో ఉన్నారు. నేల ఉసిరి పొడి వాడిన హెపటైటిస్ బి వాహకుల్లో నూటికి 59 మందిలో వైరస్ గుర్తు పోయిందని చెప్పారు. ఆ రోజుల్లో ప్రపంచమంతా మద్రాసు వైపు చూసింది. కానీ తర్వాత వేరే దేశాల్లో, వేరే బృందాలు చేస్తే ఆ ఫలితం రాలేదు.

మీ ఇంట్లో తగ్గింది బహుశా 'ఎ' కామెర్లు. వాటికి మజ్జిగ ఇచ్చినా, ఇవ్వకపోయినా, విశ్రాంతి తీసుకుంటే నూటికి తొంభై తొమ్మిది మందికి తగ్గిపోతాయి. 'బి' ఉన్నవాడికి కూడా కళ్ల పసుపు తగ్గిపోవచ్చు, వైరస్ లోపలే ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. మా దగ్గరికి పొట్ట నిండా నీరు చేరాక వచ్చేవాళ్లలో చాలామంది ఐదేళ్ల కింద పసరు తాగి, చేతి మీద వాత పెట్టించుకొని, "తగ్గిపోయింది" అనుకున్నవాళ్లే. వాళ్లని నేను తప్పు పట్టను. పసరు ఇచ్చేవాడు ఆదివారం కూడా ఉంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు, కూలి పోగొట్టడు. మా ఓపీ గదిలో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా దొరకవు.

పాత మద్రాసు తాత (టి.నగర్)
మంగళవారం, ఉదయం 7:00

అర్థమైంది నాయనా. ఇన్నాళ్లూ అన్ని కామెర్లూ ఒకటే అనుకున్నాను.

రాజంపేట తమ్ముడు
మంగళవారం, రాత్రి 11:50

ఇదంతా చదివినాక రాయల్లనిపిచ్చింది. ఎవురికీ చెప్పని సంగతి.

మా అన్న కువైట్ పోవల్లని పోయిన ఏడాది మెడికల్‌కి మద్రాసు వచ్చినాడు. మా తట్టు ఊర్లలో సగం మంది మగోళ్లు అట్లనే పోతారు. ఏజెంటుకి కట్టనీకె నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినాం. ఎగ్మోరులో లాడ్జిలో ఇద్దరం ఉన్నాం. మూడో రోజు కాగితం ఇచ్చినారు, 'అన్‌ఫిట్' అని. ఎందుకో చెప్పలే. మా అన్న గట్టిగా అడిగితే కౌంటర్లో ఆయమ్మ "హెపటైటిస్ బి, నెక్స్ట్" అనింది. అంతే. మందు ఉందా, ఎవురికి చూపియ్యాల, ఒక్క మాట లే.

గల్ఫ్ దేశాలకి ఇది ఉంటే రానియ్యరంట. ఆరోగ్యంగా ఉండే మనిషి, వంద కిలోల మూట ఎత్తే మనిషి. వాపస్ వచ్చేటప్పుడు రైల్లో ఒక్క మాట మాట్లాడలే. ఇంట్లో బీపీ అని చెప్పినాం. ఎట్లనో తెలిసిపోయింది. మా వదిన వాళ్ల పుట్టింటోళ్లు అన్నకి గలాసు వేరే, తట్ట వేరే పెట్టినారు. బిడ్డను ఎత్తుకోనియ్యలే. ఇప్పుడు మాధవరంలో లారీల దగ్గర లోడింగ్ పని చేస్తాండాడు. వడ్డీ ఇంకా కడతానే ఉండాం.

మా ఊర్లో ఆరెంపీ డాక్టర్ ఉండేటోడు. స్టీలు డబ్బాలో గాజు సిరంజి, ఒకటే సూది. ఒకరికేసి, ఉడుకు నీళ్లలో ముంచి, ఇంకొకరికి. జొరం వచ్చినా, నడుము నొప్పి వచ్చినా సూదేస్తేనే మా వాళ్లకి నమ్మకం. ఆడ్నుంచి వచ్చిందేమో అని మా అన్న ఆయన్ని తిడతా ఉంటాడు. డాక్టరు సారూ, అట్ల వస్తాదా?

కాలేయం డాక్టర్
బుధవారం, ఉదయం 6:15

వస్తుంది తమ్ముడూ. 2009లో గుజరాత్‌లోని మోదాసా దగ్గర వాడిన సిరంజిలే మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్ బి వ్యాపించి ఎంతోమంది చనిపోయారు. అయితే మీ అన్నకి అలాగే వచ్చిందని చెప్పలేం. మీ అమ్మగారికి పరీక్ష చేయించారా? నువ్వు చేయించుకున్నావా? ముందు అది చేయండి. వదినకీ బిడ్డకీ కూడా.

ఇది రెండుసార్లు చదువు, మీ వదిన వాళ్లకి కూడా చదివి వినిపించు: ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో తాగినా, బిడ్డని ఎత్తుకున్నా, ముద్దు పెట్టుకున్నా హెపటైటిస్ బి రాదు. రేజరు, బ్రష్షు, గోళ్లు తీసేది మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. వదినకి టీకా పడితే దాంపత్యానికీ ఇబ్బంది లేదు.

పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్లకీ మందు అక్కర్లేదు. ఎస్‌జీపీటీ, వైరల్ లోడ్, కాలేయం ఎంత గట్టిపడిందో చూసి నిర్ణయిస్తాం. అవసరమైతే రోజుకి ఒక టెనోఫోవిర్ మాత్ర. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. మాధవరం నుంచి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి గానీ స్టాన్లీ గానీ దగ్గరే.

మందులు ఉచితం అని చెప్పి ఊరుకోలేను, అది సగం నిజమే. మొదటి రోజు ఓపీ చీటీ, రెండో రోజు రక్తం, మరో రోజు రిపోర్టు, ఇంకో రోజు స్కానింగ్. నాలుగు రోజుల కూలి. తోడు వచ్చినవాళ్లది కూడా కలిపితే ఎనిమిది. నెల జీతం ఉన్నవాడికి ఇది నాలుగు సెలవు చీటీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 'బి' ఉన్నవాళ్లు 2.98 కోట్ల మంది, 'సి' ఉన్నవాళ్లు 55 లక్షల మంది. ప్రపంచం మొత్తంలో 'బి' ఉన్న ప్రతి వందమందిలో ఆ సంగతి తెలిసినవాళ్లు 13 మంది, మందు వాడుతున్నవాళ్లు 3 మంది. అక్కా, మీరు అడిగిన తేడా నాకు కనిపించేది ఇక్కడే. వైరస్ ఎవరి ఇంటికి వెళ్లిందన్నది తక్కువ. ఎవరికి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎన్ని రోజులు పని మానగలిగారు అన్నదే ఎక్కువ.

తొమ్మిదో నెల (పోరూరు)
బుధవారం, ఉదయం 10:40

డాక్టర్ గారూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు పాజిటివ్ అని ఐదో నెలలో చెప్పారు. రెండు వారాల్లో కాన్పు. బిడ్డకి వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదు.

కాలేయం డాక్టర్
బుధవారం, ఉదయం 11:05

అమ్మా, బిడ్డని కాపాడుకోవచ్చు. పుట్టిన 24 గంటల్లో, వీలైతే 12 గంటల్లోపే టీకా, దాంతోపాటు రెండో తొడకి ఇమ్యునోగ్లోబులిన్. ఆ ఇంజెక్షన్ కాన్పు జరిగే ఆసుపత్రిలో ఉందో లేదో ఈరోజే ఫోన్ చేసి అడగండి. ఆ రోజు వెతుక్కోకూడదు. మీ వైరల్ లోడ్ చూశారో లేదో కూడా అడగండి, ఎక్కువుంటే చివరి నెలల్లో మాత్ర ఇస్తారు. తర్వాతి మోతాదులు తేదీ తప్పకుండా వేయించండి. మీ పాలు పట్టవచ్చు.

తొమ్మిదో నెల (పోరూరు)
బుధవారం, మధ్యాహ్నం 12:30

ఫోన్ చేశాను. ఇంజెక్షన్ లేదన్నారు, శనివారానికి తెప్పిస్తామన్నారు. మీ మేలు మరిచిపోలేను.

పెరంబూర్ డయాలిసిస్ అన్న
బుధవారం, రాత్రి 8:20

'సి' గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు డయాలిసిస్. రెండేళ్ల తర్వాత 'సి' పాజిటివ్ అని చెప్పి, వేరే మెషిన్ మీదకి మార్చారు. అప్పట్లో ఇంక అయిపోయిందనుకున్నాను. ప్రభుత్వాసుపత్రిలో పన్నెండు వారాల మాత్రలు ఇచ్చారు. పోయింది. పూర్తిగా పోయింది. రెండుసార్లు పరీక్ష చేసి చూశారు.

డాక్టర్ గారు చెప్పారు, ఈ మందు అమెరికాలో మొదట వచ్చినప్పుడు ఒక మాత్ర వెయ్యి డాలర్లు, మొత్తం 84 వేలు. 2015 నుంచి మన హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేయడం మొదలుపెట్టాక మనలాంటివాళ్ల చేతికి వచ్చింది. ఆ వైరస్‌ని కనిపెట్టిన ముగ్గురికి 2020లో నోబెల్ ఇచ్చారని టీవీలో చూసి, డయాలిసిస్ మంచం మీంచే దణ్ణం పెట్టాను.

'బి'ని అదుపులో పెడతారు, 'సి'ని నయం చేస్తారు. కాబట్టి పరీక్షకి భయపడకండి. పులియంతోప్పు చెల్లీ, అమ్మని తీసుకెళ్లు.

పులియంతోప్పు బిడ్డ
గురువారం, సాయంత్రం 6:10

తీసుకెళ్లాను అన్నా. నేను కాలేజీకి సెలవు పెట్టాను, అమ్మ రెండో షిఫ్ట్‌కి మార్చుకుంది. మూడూ నెగటివ్. మొదటి టీకా ఈరోజే వేయించాను. అమ్మతో పాటు బండి మీద పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లు "మాకూ వేయించు" అంటున్నారు. ఒక్కొక్కరినీ తీసుకెళ్లడం కన్నా వాళ్లు హాజరు వేయించుకునే చోటికే ఒక నర్సుని పంపేలా అడగాలని వార్డు ఆఫీసుకి ఉత్తరం రాస్తున్నాను. పొద్దున ఐదున్నరకి అందరూ ఒక్కచోటే ఉంటారు, ఎవరి కూలీ పోదు. ఉత్తరం తమిళంలో దిద్దిపెట్టేవాళ్లు కావాలి.

సూటిమాట (అంబత్తూరు)
గురువారం, సాయంత్రం 6:35

నాకు పంపమ్మా. దిద్దుతాను. వార్డు ఆఫీసుకి తోడు కూడా వస్తాను, నాకు శనివారం సెలవే. మా ఫ్యాక్టరీ కాంట్రాక్టు కుర్రాళ్లకీ ఇలాగే గేటు దగ్గర చేయించవచ్చేమో మా మేనేజర్‌ని అడుగుతా. కాకపోతే రిపోర్టు కంపెనీ చేతికి ఇవ్వకూడదు, ఎవరిది వాళ్లకే ఇవ్వాలి. లేకపోతే రాజంపేట వాళ్ల అన్నకి జరిగిందే జరుగుతుంది.

రాజంపేట తమ్ముడు
శనివారం, రాత్రి 10:15

అమ్మను పిలిపిచ్చి పరీక్ష చేపిచ్చినాం. అమ్మకి పాజిటివ్. నాకు లే. వదినకి, బిడ్డకి లే. వదినకి, నాకు టీకా మొదలుపెట్టినారు. అన్నకి, అమ్మకి లివర్ బాగానే ఉందంట, ఇప్పుడే మందు వద్దన్నారు, ఆరు నెలలకొకసారి చూపిచ్చుకోమన్నారు.

అమ్మకి 56 ఏండ్లు. "నా కడుపులోనుంచే వానికి వచ్చిందా?" అని అడిగింది. నాకు నోట మాట రాలే. అన్నే చెప్పినాడు, "నీకెవురిచ్చినారో నీకే తెలీదు కదమ్మా" అని. ఆర్నెల్లుగా ఆరెంపీని తిట్టిన మనిషి ఆ మాట అన్యాడు. రేత్రి మా వదిన అందరికీ ఒకే తట్టలో సంగటి పెట్టింది.

ల్యాబ్ అక్క (వ్యాసర్‌పాడి)
ఆదివారం, రాత్రి 9:05

తమ్ముడూ, మీ అమ్మగారికి ధైర్యం చెప్పు. ఆమెకీ వాళ్లమ్మ నుంచే వచ్చి ఉండొచ్చు.

వారం అయింది. ఇదంతా చదివాక ల్యాబ్‌లో ఒక మార్పు చేశాను. పాజిటివ్ వస్తే కాగితం ఊరికే చేతికివ్వడం మానేశాను. లోపల కూర్చోబెట్టి, ఏ ఆసుపత్రి, ఏ రోజు, ఏ గది, ఇంట్లో ఎవరెవరికి పరీక్ష, ఎవరికి చెప్పనక్కర్లేదు అన్నీ తెలుగులోనో తమిళంలోనో ఒక చీటీ మీద రాసిస్తున్నా. ఐదు నిమిషాలు పడుతోంది. మా ఓనరు ఏమీ అనలేదు.

సెంట్రింగ్ అబ్బాయి మళ్లీ రాలేదు. రిజిస్టర్‌లో ఉన్న నంబరుకి నాలుగు రోజులు చేశాను. స్విచ్ఛాఫ్. నిన్న ఎత్తాడు. సైటు ఒరగడం అనే ఊరికి మారిందట. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయా అంటే, "అద్దం లేదక్కా" అన్నాడు. మేస్త్రికి చెప్పనక్కర్లేదని చెప్పాను. అప్పుడు అడిగాడు, తగ్గుతుందా అని.

మంగళవారం వస్తానన్నాడు. నేను సెలవు పెట్టాను. ఓపీ చీటీకి ఏడు గంటలకే వరసలో నిలబడాలి. ఒరగడం నుంచి ఆ వేళకి బస్సు లేదు కాబట్టి సోమవారం రాత్రి మా తమ్ముడి గదిలో పడుకుంటాడు.